నన్నెవరూ అడగలేదు

మార్చి 4

మా తోడికోడలు ఈ రోజు దుకాణంలో అడుగుపెట్టింది. కర్టెన్లు, సోఫా గుడ్డలు అమ్ముకునే దుకాణంలోకి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. మామగారు లేచి తన కుర్చీ ఇచ్చారు. పెళ్లయినప్పటినుంచి నేను ఆ దుకాణంలో నిలబడే ఉన్నాను. నాకూ కాళ్లున్నాయని ఆయనకెప్పుడూ తోచలేదు.

ఎంబీయే చదివిందట. ఇంట్లో అందరూ ఆ 'ట' తీసేసి చెబుతారు. నేనొక్కదాన్నే పెట్టి రాస్తున్నాను.

మార్చి 9

గుడ్డలకున్న చీటీలన్నీ పీకేసి కొత్తవి అంటించింది. ఇక బేరాల్లేవట. ఫిక్స్‌డ్ రేటట.

నేను పదో తరగతి మధ్యలో మానేశాను. మా నాన్న పేవ్‌మెంట్ మీద ముక్కగుడ్డలు అమ్మేవాడు. ఆయన పక్కన కూర్చుని మనుషుల్ని చూడటమే నా చదువు. ఎవరు కొంటారో, ఎవరు ఊసుపోక వచ్చారో, ఎవరు ముక్క సంచీలో దోపుకుని జారుకుంటారో మొహం చూసి చెప్పేసేదాన్ని. దానికి సర్టిఫికెట్ లేదు.

ఆమెది ఫ్రేము కట్టించి కౌంటర్ వెనక తగిలించారు. మేకు నేనే పట్టుకున్నాను. సుత్తి మా ఆయన చేతిలో ఉండబట్టి సరిపోయింది. నా చేతికిస్తే ఎక్కడ కొట్టేదాన్నో.

మార్చి 10

బేరం లేదన్నా జనం కొంటున్నారు. ఒళ్లు మండుతోంది.

మార్చి 21

కొత్తగా కడుతున్న హోటల్‌లో గదులన్నిటికీ కర్టెన్ల ఆర్డర్ తెచ్చింది. ఇంగ్లీషులో మాట్లాడి, స్క్రీన్ మీద బొమ్మలు చూపించి తెచ్చింది. మామగారు వీధిలో కనబడ్డవాళ్లనల్లా ఆపి మరీ చెబుతున్నారు. దాన్ని చూసి నాలుగు ముక్కలు నేర్చుకోవే అన్నారు అత్తగారు. నేను కూర తరుగుతున్నాను. అవసరానికి మించి తరిగాను.

ఆమె నాతో మర్యాదగానే ఉంటుంది. నోరారా అక్కా అని పిలుస్తుంది. ఒక్కసారి ఎదురు మాట్లాడినా బాగుండు, తిట్టుకోవడానికి ఒక సాకు దొరికేది.

మార్చి 28, మధ్యాహ్నం

హోటల్ ఆర్డర్‌కు గుడ్డ సప్లై చేస్తానని ఒక హోల్‌సేల్ వ్యాపారి వచ్చాడు. సెంటు వాసన గుమ్మందాకా కొట్టింది. టీ నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

బల్లమీద శాంపిల్ గుడ్డలు పరిచి ఉన్నాయి. గుడ్డల్లో బతికినవాడికి గుడ్డ కనబడితే చెయ్యి ఊరుకోదు. రెండు వేళ్ల మధ్య నలుపుతాడు. పెళ్లికెళ్లినా పక్కవాడి చొక్కా అంచు పట్టుకు చూస్తాడు. ఇతను అంతసేపూ కూర్చున్నాడు, ఒక్కదానిమీద చెయ్యి వెయ్యలేదు. ఆమె రేటు తగ్గించమంది, తగ్గించాడు. ఇంకా తగ్గించమంది, ఇంకా తగ్గించాడు. సొంత సరుకైతే ఎక్కడో ఒకచోట ప్రాణం విలవిల్లాడుతుంది కదా. ఇతను నవ్వుతూనే ఉన్నాడు.

కారు మలుపులో పార్క్ చేశానని చెప్పి వెళ్లాడు. దుకాణం మీదే మా ఇల్లు, మేడమీద కిటికీలోంచి చూశాను. బస్సెక్కాడు.

వీడు దొంగ.

అదే రోజు, సాయంత్రం

చెబుదామనే కిందికి దిగాను. మెట్లమీద ఉండగానే మామగారి గొంతు వినబడింది. ఇకనుంచి దుకాణం తాళాలు చిన్నకోడలి దగ్గరుంటాయట. నా నడుముకున్న గుత్తి తీసి బల్లమీద పెట్టాను. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది.

ఉండిపోలేదు. ఉంచుకున్నాను.

మార్చి 30

ఆ వ్యాపారి కాగితాలన్నీ చెక్ చేసిందట. రిజిస్ట్రేషన్ ఉందట, వెబ్‌సైట్ ఉందట, ఫోన్ చేస్తే ఆఫీసులో ఎవరో పలికారట. అడ్వాన్స్ ఒకటి రెండు రోజుల్లో పంపుతారట.

నన్నెవరూ అడగలేదు.

ఏప్రిల్ 1

ఇంకా చెప్పొచ్చు.

ఏప్రిల్ 2

పంపేశారు.

ఏప్రిల్ 14

గుడ్డ బేళ్లు వచ్చాయి. పైపైన మంచి గుడ్డ. దానికింద అంతా చిరుగులు, రంగు వెలిసిన చెత్త. అతని ఫోన్ పలకడం లేదు. వెబ్‌సైట్ కూడా మాయమైందట. ఆమె నేలమీద చతికిలబడి ఒక్కో థానూ విప్పుతూ పోయింది, ఒక్కటైనా బాగుండకపోతుందా అని.

అబద్ధం రాయను. మొదట సంతోషమే కలిగింది.

తర్వాత భయం వేసింది. నువ్వు ఇక్కడే ఉన్నావుగా, వాణ్ని చూశావుగా, నోటికి తాళం వేసుకున్నావేం అని ఎవరో ఒకరు గద్దిస్తారని గోడకానుకుని నిలబడ్డాను. మామగారు నిట్టూర్చి, అంత చదివిన పిల్లకే తెలియలేదు, ఇంక మనబోటివాళ్లకేం తెలుస్తుంది అన్నారు. మా ఆయన నావైపు చూసి మరీ తలూపాడు.

నన్ను అనుమానించాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఏప్రిల్ 17

ఆమె గదిలోంచి బయటికి రావడం లేదు. మా మరిది గట్టిగట్టిగా అరవడం వినబడింది. హోటల్‌వాళ్లు నెలాఖరుదాకా చూస్తామన్నారు, ఆ తర్వాత ఆర్డర్ ఇంకొకరికట. గుమ్మం ముందు కంచం పెట్టి వచ్చాను. పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఏప్రిల్ 18

మేడమీద దుప్పట్లు ఆరేస్తుంటే వచ్చింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. దుప్పటి రెండో కొస పట్టుకుంది.

"అక్కా, ఆ రోజు టీ ఇచ్చాక మీరు వెళ్లిపోలేదు. అతని చేతులకేసే చూస్తూ నిలబడ్డారు. మీకు తెలిసిపోయిందా?"

ఇంట్లో ఇంతమంది ఉండగా ఆ అనుమానం ఈమెకే వచ్చింది. ఆ తెలివికీ కుళ్లుకున్నాను.

"నాకేం తెలుసమ్మా, చదువురానిదాన్ని" అన్నాను.

ఆమె తన చేతిలో ఉన్న దుప్పటి కొస గట్టిగా పిండింది.

ఏప్రిల్ 20

పొద్దున్నే వెళ్లి ఆమె గది తలుపు కొట్టాను. స్కూటర్ తియ్యమన్నాను. ఎక్కడికని అడగలేదు.

మార్కెట్ వెనక సందులో మా నాన్న స్నేహితుడి గోడౌన్ ఉంది. ముసలాయన నన్ను గౌన్లు వేసుకునే రోజులనుంచీ ఎరుగును. బేరం నేను ఆడాను. మా నాన్న పేరెత్తాను, బతిమాలాను, అలిగాను, లేచి గుమ్మందాకా నడిచాను. వెనక్కి పిలిచాడు. సరుకు అరువు మీద ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆమె నోరు వెళ్లబెట్టి చూసింది. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది.

కానీ ఉన్న గుడ్డ అన్ని గదులకూ చాలదన్నాడు ముసలాయన. ఆమె కిటికీల కొలతలు నోటితోనే లెక్కేసి, గుడ్డను అడ్డంగా తిప్పి కత్తిరిస్తే సరిపోతుందంది. సరిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ గుడ్డల్లో ఉన్నాను, అది నాకు తట్టలేదు.

గర్వం స్కూటర్ ఎక్కేలోపే దిగిపోయింది.

ఏప్రిల్ 30

హోటల్‌లో కర్టెన్లు తగిలించేశారు. చిన్నకోడలు గట్టెక్కించిందని మామగారు మళ్లీ వీధిలో మొదలుపెట్టారు. ఆమె అందరి ముందూ, నేను కాదు మామయ్యా, అంతా అక్కే చేసిందని చెప్పింది. ఆయన నవ్వి, నీది ఎంత మంచి మనసమ్మా అన్నారు.

ఆ మంచి మనసు కూడా ఆమెకే.

మే 3

ఆమెతో చెప్పేశాను. తెలుసు, ఆ రోజే తెలుసు అన్నాను.

ఎందుకు చెప్పలేదంటుందని ఏడుపు సిద్ధం చేసుకున్నాను. ఆమె అడిగింది ఎందుకని కాదు, ఎలా తెలిసిందని. పెన్ను కూడా తీసింది.

సగమే చెప్పాను.