మీరు అనని మాట

మాస్టారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున పెంటపాడులో నా తొమ్మిదో తరగతి పిల్లలకు కొల్లేటి నీటిచుక్కను మైక్రోస్కోపులో చూపించాను. ఒక్క కణంతో మొదలై చేపలు, కొంగలు, మనమూ ఎలా వచ్చామో ఒకప్పుడు మీరు చెప్పినట్టే చెప్పాను.

ఆనాడు ఆ పాఠం సంగతి విని, మన స్కూలు నడిపే చర్చికి పెద్ద అయిన మా నాన్న, "దేవుడు లేడన్నారా మీ మాస్టారు?" అని అడిగారు. మీరు అనలేదు. పరీక్షలో తక్కువ మార్కులు వేశారన్న కోపంతో, "అన్నారు నాన్నా" అన్నాను. నెల తిరక్కుండా మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇవాళ ఒక అమ్మాయి, "ఇదంతా మీకెవరు చెప్పారు టీచర్?" అంది. మీ పేరు చెప్పాను.

"ఆయన ఏ స్కూల్లో చేస్తున్నారండీ?"

"రిటైరయ్యారమ్మా" అన్నాను.

ఈసారి కోపమని చెప్పుకోవడానికి కూడా లేదు మాస్టారూ.