లిఫ్టులో చెప్పిన మాటలు

పిచ్చుకకు,

నేను బాగానే ఉన్నాను. అరచేతికి చిన్న గాటు, కుట్లు పడలేదు. పేపర్లో చూసి కంగారుపడతావని రాస్తున్నాను.

నిన్న దుకాణాల భవనంలో లిఫ్టు బాగుచేసి, నడిపి చూస్తున్నాను. మూడో అంతస్తులో నగల కొట్టు దోచినవాడు సంచీతో లోపలికి దూకి నా డొక్కలో కత్తి ఆనించాడు. అడ్డం పెట్టిన అరచేయి తెగింది. "కిందికి పోనీ" అన్నాడు. కొంత దిగేసరికి పోలీసులు కరెంటు తీసేశారు. చీకటి. ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత ఇరుకు.

"తలుపు తియ్యి."

"కరెంటు లేకుండా రాదు" అన్నాను. అబద్ధం. చేత్తో తీయడం నాకు తెలుసు. తీస్తే వాడు దూకేది రెండో అంతస్తు వరండాలోకి. అక్కడ జనం నక్కి ఉన్నారు. పసిపిల్ల ఏడుపు వినబడుతోంది.

వాడికి ఊపిరాడడం లేదు. "ఏదో ఒకటి మాట్లాడు, పిచ్చెక్కేలా ఉంది" అన్నాడు.

నోట్లో నాలుక లేనివాణ్ణి, ఏం మాట్లాడను? నీ సంగతే మొదలుపెట్టాను. నువ్వు వడ్డిస్తూ వీధి కబుర్లన్నీ చెప్పేదానివని, నేను తలెత్తకుండా తినేవాణ్ణని, తింటున్నా చెవులు నీ దగ్గరే ఉండేవని. మీ అక్క దగ్గరికి వెళ్లిపోయావని మాత్రం చెప్పలేదు. "ఇప్పుడెక్కడుంది?" అంటే, "ఇంట్లోనే. నేను వెళ్లేదాకా తినదు" అన్నాను.

"అదృష్టవంతుడివి. నేనెళ్తే మా ఇంట్లో కుక్క కూడా తలెత్తదు" అన్నాడు.

చివరికి పోలీసులు తలుపు తీస్తే, వాడు కత్తి కింద పడేసి, "ముందు ఈయన్ని పంపండి సార్, వాళ్లావిడ తినకుండా కూర్చుంది" అన్నాడు. ఇన్‌స్పెక్టరు జీపులో తెచ్చి గుమ్మం ముందు దింపాడు. జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, అప్పుడు తలుపు తాళం తీశాను.

రోజువారీ ఖర్చులు తప్ప ఏమీ రాసి ఎరగను. ఇంతకన్నా ఎలా రాయాలో తెలియడం లేదు.

నీ
మూగయ్య


మూగయ్యగారికి,

మీ ఉత్తరం చదివి అక్క ఏడ్చింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇన్నేళ్లు పక్కనున్న పెళ్లానికి దక్కని మాటలు దొంగవెధవకి దక్కాయి. ఇంత సులువని తెలిస్తే వంటింట్లో కత్తి నేనే ఎప్పుడో తీసేదాన్ని.

కోపంతో ఇక్కడికి వచ్చెయ్యలేదండీ. నేను లేకపోయినా మీకు తెలియదనుకున్నాను.

శనివారం వస్తున్నాను. వాడితో చెప్పినవన్నీ మొదటినుంచి నాకు చెప్పాలి. చెప్పేదాకా నిజంగానే తినను.

పిచ్చుక