గుండె మీద గుద్దు

8 ఫిబ్రవరి 1982, వికారాబాద్

ఓపీ ముగిసేసరికి మూడు. కాళ్లు లాగుతున్నాయి. తాండూరు నర్సిములు మళ్లీ వచ్చాడు. బండలకు పాలిష్ పడుతూ స్పృహ తప్పి పడ్డాడట, ఇది మూడోసారి. గుండె ఉన్నట్టుండి గాడి తప్పుతోంది. ఇన్నాళ్లూ దానంతట అదే సర్దుకుంది. సర్దుకోని రోజు ఒకటి వస్తుంది... హైదరాబాద్‌లోనూ మాత్రలే రాసి పంపారు.

11 ఫిబ్రవరి

పాత మెడికల్ పత్రికలో చదివాను. అమెరికాలో పొట్ట చర్మం కింద పెట్టె పెట్టి, గుండెకు తీగలు కలుపుతున్నారు. గుండె గాడి తప్పితే ఆ పెట్టె తనే కనిపెట్టి కరెంటు కొడుతుంది. తన పైనున్న పెద్ద డాక్టరు ఇట్లాగే పోయాడని అక్కడి డాక్టరొకాయన దీని వెంట పడ్డాడట. పదేళ్లకు పైగా — కుక్కల మీద ప్రయోగాలు, నవ్వేవాళ్ల మధ్య. మనుషుల్లో పెట్టి రెండేళ్లే. మన దాకా ఎప్పుడు? నా రిటైర్మెంటే ముందొస్తుంది.

15 ఫిబ్రవరి

నా నోరు ఊరుకోదు. నర్సిములు భార్య అనసూయకు చెప్పేశాను. "గా డబ్బా మనకెప్పుడొస్తదమ్మా?" ఏం చెప్పను! పెట్టె చేసే పని చేత్తో చేయడం నేర్పాను. పడిపోయి పలక్కపోతే, నాడి దొరక్కపోతే, పిడికిలి బిగించి రొమ్ము మధ్య ఒక్క గుద్దు. పనిచేస్తుందన్న హామీ లేదు. ఇంకేమీ లేదు గనక నేర్పాను. "మొగని మీద చెయ్యెత్తాల్నా? పాపం తగలదా?" "వాడు పోతే తగలదా?" అన్నాను. తలగడ మీద పదిసార్లు గుద్దించాను.

2 మార్చి

నడుం నొప్పి. రాసే ఓపిక లేదు.

9 మార్చి

నర్సిములు వచ్చాడు, బతికి! అన్నం ముందు కూలితే అనసూయ గుద్దిందట, కళ్లు తెరిచాడట. నాకు ఏడుపొచ్చింది. చీటీ చూస్తున్నట్టు తల వంచుకున్నాను. "ఆమె ఏది?"

"మా అవ్వ బొంరాస్‌పేటకు, తల్లిగారింటికి తోలేసిందమ్మా. వాడకట్టు జనమంత జూసిన్రు. మొగన్ని గొట్టిన ఆడది ఇంట్ల ఉండొద్దన్నది."

"మీ అమ్మ తోలేస్తుంటే నువ్వేమన్నావు?"

"అవ్వకు ఎదురు జెప్తనా?"

ఓరి దద్దమ్మా! తప్పు నాదీ ఉంది. అత్త చెవిన వేయకుండా కోడలికి నేర్పానే... ఇన్నేళ్లు ఇక్కడ పనిచేసిన దానికి ఆ మాత్రం తెలియొద్దూ?

14 మార్చి, తాండూరు స్టేషన్

ధారూర్‌లో పాసింజర్ గంట ఆగింది. నర్సిములు ఇంటికి వెళ్తే తల్లి బాలమ్మ కుర్చీ వేసింది, చాయ్ పోసింది. కోడల్ని మాత్రం పిలవదట. "సరే, నువ్వే నేర్చుకో." తలగడ ముందు పెట్టాను. పిడికిలి ఎత్తింది... దుమ్ము దులిపినట్టు తట్టింది. "జోరుగా!" మళ్లీ అంతే. ఏడ్చేసింది. "కన్న కొడుకును గుద్దుడు నాతోని గాదమ్మా."

"అయితే ఆమెను తోలుకురా."

"వాడు మళ్ల పడ్డనాడు కబురు పంపుతంలే. తప్పకుంట పిలిపిస్తం."

కబురు! ఆగితే నాలుగైదు నిమిషాలే గడువున్న గుండెకు... అరవడానికి కూడా ఓపిక లేక లేచి వచ్చేశాను.

15 మార్చి

రేపటికి సెలవు చీటీ రాశాను. బొంరాస్‌పేట పోతాను. అనసూయ తిరిగి వస్తుందో, రానంటుందో. ఆమె చోట నేనుంటే రాను.