ఐదు మాటలు, ఒక తాళంచెవి

ఆగస్టు 3, ఆదివారం. సాయంత్రం 6:00

ఈ నోటుబుక్కు పవిత్ర ఇచ్చింది. పవిత్ర అంటే కృష్ణగిరి నుంచి వచ్చే అమ్మాయి, ముసలివాళ్ళ మీద పరిశోధన చేస్తోంది. మా మూకండపల్లి వీధిలో అరవై ఐదు దాటినవాళ్ళందరినీ పరీక్షించింది. ఒక యంత్రాన్ని పిడికిలితో పిసకమంది. నాలుగు మీటర్లు నడవమంది. చేతులు కట్టుకొని కుర్చీలోంచి ఐదుసార్లు లేవమంది. ఐదు మాటలు చెప్పి, ఐదు నిమిషాలయ్యాక తిరిగి అప్పజెప్పమంది.

నా ఫలితం: ప్రీ-ఫ్రెయిల్. బలహీనతకు ముందు మెట్టట.

"ఇది పాసు, ఫెయిలు కాదు సార్. ఈ మెట్టు నుంచి వెనక్కి రావచ్చు. నెల రోజులు నేను చెప్పినవి చేసి, రోజూ దీంట్లో రాయండి. సెప్టెంబరు ఒకటిన మళ్ళీ చూస్తాను" అంది.

ఎదురింటి ముత్తప్ప ఫలితం: దృఢం. ఆధార్ కార్డు ప్రకారం వాడికి డెబ్బై ఐదు, నాకు అరవై ఎనిమిది. యంత్రం మీద వాడి పిడికిలి ముప్పై ఒకటి. నాది పంతొమ్మిది. రోజుకు రెండుపూటలా రెండు ఆవుల పాలు పిండేవాడి చేతికి ఆ యంత్రం ఇవ్వడమే తప్పు.

మా అబ్బాయి అశోక్ ఆ కాగితం చదివి చేయి చాచాడు.

"నాయినా, బండి తాళంచెవి ఇట్లియ్యి."

దీనికి వెనక ఒక సంగతి ఉంది. పోయిన నెల నేను మోపెడ్ మీద హోసూరు మార్కెట్టుకు పోయి, బస్సులో తిరిగి వచ్చాను. బండిని దొంగలు ఎత్తుకుపోయారని వీధంతా చెప్పాను. మరునాడు టెంకాయల అంగడి ముందు నిలబెట్టినది నిలబెట్టినట్టే ఉంది. ఒక్కసారి జరిగింది. ఒక్కసారే.

"సెప్టెంబరు ఒకటి దాకా ఆగప్పా" అన్నాను. ఒప్పుకొన్నాడు. ఫలితం బాగుంటే బండి నాది. లేకపోతే అమ్మేస్తాడు.

ముప్పై ఆరేళ్ళు ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేశాను, ఒక్క నట్టు తప్పిపోలేదు. బండి పోతే నేను ఇంట్లో ఇంకో కుర్చీని. ఈ మాట అశోక్‌తో అనలేదు.

ఆగస్టు 4, సోమవారం. మొదటి రోజు!

5:00 లేచాను. 
5:15 నడక, అరగంట. 
6:00 కుర్చీలోంచి లేవడం, పదిసార్లు. 
8:00 గుడ్డు ఒకటి. కాఫీలో చక్కెర లేదు. 
11:00 మెదడు పని: పవిత్ర చెప్పిన ఐదు మాటలు. పలక, గొర్రె, చింతపండు, గొడుగు, సోమవారం. అన్నీ వచ్చాయి!

ఇంత సులభమని తెలిస్తే ఇరవై ఏళ్ళ కిందే మొదలుపెట్టేవాణ్ణి.

ఆగస్టు 5, మంగళవారం

పిడికిలి బలానికి మెత్తటి బంతి పిసకాలి. బంతి కొనుక్కొస్తానంటే మా ఆవిడ తిమ్మక్క సంగటి కట్టె చేతికిచ్చింది.

"బంతి ఏమిటికి? ఈ కుండలో రాగి సంగటి కెలుకు. నలభై ఏండ్లుగా నేను పిసికేది అదే కదా."

మూడు తిప్పులు తిప్పాను. నాలుగోది ఆమె తిప్పింది. పవిత్ర ఈమెను ఎందుకు పరీక్షించలేదో! వయసు చాలలేదట, అరవై నాలుగే.

ఐదు మాటలు: అన్నీ.

ఆగస్టు 8, శుక్రవారం

వరమహాలక్ష్మి పండుగ. తిమ్మక్క ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసింది. ఒకటి తిన్నాను. ఓళిగలో ఉండేది పప్పు. పవిత్ర పప్పు బాగా తినమంది. కనుక ఇంకో మూడు తిన్నాను.

నడక లేదు. పండుగనాడు పొద్దున్నే బయటికి పోతే ఇంట్లో ఊరుకోరు.

ఆగస్టు 10, ఆదివారం

మా వీధిలో నడవలేకున్నాను. షిఫ్టు బస్సులు, కుక్కలు. నడవడానికి చక్కటి చోటు ఉంది కానీ రెండు కిలోమీటర్లు. అందుకని అక్కడిదాకా మోపెడ్ మీద పోతున్నాను. అక్కడ టీ అంగడి కూడా ఉంది. ఈ రోజు పోయి, టీ తాగి, బండి గుర్తుపెట్టుకొని తిరిగి వచ్చాను. ఇదీ మెదడు పనే.

నడక: టీ అంగడి నుంచి బండి దాకా.

ఆగస్టు 14, గురువారం

కుర్చీ మరీ కిందికి ఉంది. మంచం మీది నుంచి లేచినా లేవడమే కదా. పొద్దున నిద్ర లేచినది ఒకటి, మధ్యాహ్నం కునుకు తీసి లేచినది ఒకటి. రెండు.

గుడ్డు: ఏకాదశి అనుకొని తినలేదు. కాదట. 
ఐదు మాటలు: అన్నీ. ఇందులో నన్ను కొట్టేవాడు లేడు.

ఆగస్టు 19, మంగళవారం

వాన. 
ఐదు మాటలు.

ఆగస్టు 20, బుధవారం

వాన పడేట్టు ఉంది. 
ఐదు మాటలు.

ఆగస్టు 22, శుక్రవారం

ముత్తప్ప ఇంటి అరుగు మీద కూర్చొని, డెబ్బై ఐదేళ్ళకు అంత బలం ఎట్లా అని అడిగాను. వాడు అటూ ఇటూ చూసి నవ్వాడు.

"నాకు యాడి డెబ్బై అయిదప్పా! అరవై ఎనిమిది. కార్డు రాసేటప్పుడు ముసలోళ్ళ పెన్షన్ వస్తాదని ఏడేండ్లు ఎక్కించి చెప్పినాను. నెత్తి నెరిసి ఉండె. నమ్మేసినారు."

దొంగ! ఏడేళ్ళు! ఆ పరిశోధన కాగితంలో వీడు దృఢం!

కోపంతో గబగబా ఇంటికి నడిచాను. నడక: పదిహేను అడుగులు.

ఆగస్టు 24, ఆదివారం

రెండు రోజులుగా ముత్తప్పను తిడుతుంటే తిమ్మక్క విని విని, ఈ పొద్దు చిక్కుడుకాయలు ఒలుస్తూ నోరు తెరిచింది.

"ఆయప్ప ఎక్కించుకొన్నాడు, నువ్వు దించుకొన్నావు. మా అన్నకు డెబ్బై మూడు. నువ్వూ ఆయనా ఒకే నెలలో పుట్టినారని మీ అమ్మే నాకు చెప్పింది."

నిజమే. పదేళ్ళు వచ్చేదాకా సూళగిరి దగ్గర గొర్రెలు మేపాను. ఆ తరువాత మా నాయన బడికి తీసుకుపోయాడు. కుడిచేయి తల మీదుగా పోయి ఎడమచెవి అందితే బడిలో చేర్చుకొనేవాళ్ళు. ఆ రోజుల్లో అదే వయసు పరీక్ష. నాకు చెవే కాదు, దవడ కూడా అందింది. అయ్యవారు నవ్వి "ఐదేండ్లు" అని రాశాడు. ఆ ఐదేళ్ళ తేడా అలాగే ఫ్యాక్టరీకి వచ్చింది, ఆధార్ కార్డుకూ వచ్చింది. రిటైరయ్యేనాటికి కాగితం మీద యాభై ఎనిమిది, ఒంటి మీద అరవై మూడు. అశోక్‌కు కూడా చెప్పలేదు.

పవిత్ర దగ్గర వయసు వారీగా ఒక పట్టిక ఉంది. అరవై ఎనిమిది గడిలో నేను ప్రీ-ఫ్రెయిల్‌ను. డెబ్బై మూడు గడిలో ఏమవుతానో!

చెప్తే ఫలితం బాగుపడవచ్చు. కానీ డెబ్బై మూడేళ్ళ తండ్రికి ఏ కొడుకు బండి ఇస్తాడు?

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. ఉండ్రాళ్ళు. ఎన్నో లెక్కపెట్టలేదు. మెదడుకూ సెలవు ఉండాలి.

ఆగస్టు 30, శనివారం

ఇంకా రెండే రోజులు! నెల రోజుల పని ఒక్క రోజులో చేశాను.

5:00 నడక, గంట. 
7:00 కుర్చీ, నలభైసార్లు. 
8:00 గుడ్లు నాలుగు. 
9:30 నడుము పట్టేసింది. 
9:35 ముత్తప్ప, తిమ్మక్క నన్ను చెరో రెక్క పట్టి మంచం మీద పడుకోబెట్టారు. వాడి పిడికిలి నిజంగానే గట్టిది.

ఆగస్టు 31, ఆదివారం

పడుకొని ఉన్నాను. ఐదు మాటలు: అన్నీ.

సెప్టెంబరు 1, సోమవారం. సాయంత్రం 5:30

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈసారి పరీక్ష హోసూరు బస్టాండు పక్క గదిలో. మోపెడ్ మీద పోయాను. నడుము కాస్త సర్దుకొంది. పిడికిలి: ఇరవై. ఒకటి పెరిగింది. మిగతా అంతా అక్కడే ఉంది.

పవిత్ర కొత్తగా ఐదు మాటలు చదివింది. ఐదు నిమిషాలయ్యాక అడిగింది. గుక్క తిప్పుకోకుండా చెప్పాను: పలక, గొర్రె, చింతపండు, గొడుగు, సోమవారం.

"సార్, అవి పోయిన నెలవి."

"నెల కిందటివి గుర్తుండాయి కదమ్మా! అయిదు నిమిషాలవి ఏమిటికి?"

ఆమె ఏదో రాసుకొంది. పట్టిక తీసింది. అరవై ఎనిమిది గడి మీద వేలు పెట్టింది. బండి కళ్ళముందు కనబడింది.

"అమ్మా, నాకు డెబ్బై మూడు" అన్నాను.

చెవి కథ అంతా చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"ఇట్ల చెప్తే ఎట్ల సార్? మీ వీధిలో ఇంకెవరైనా ఇట్ల ఉండారా?"

"కార్డులో ఉండే వయసూ నిజమైన వయసూ ఒకటే ఉండేవాళ్ళు ఎవరని అడుగమ్మా. వాళ్ళు ఇద్దరో ముగ్గురో, బిన్నా చెప్పొచ్చు."

ముత్తప్ప పేరు చెప్పలేదు. పవిత్ర కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. పాపం, నూట ఇరవై మందిని పరీక్షించిందట. తరువాత పట్టిక మీద వేలు ఐదు గడులు పక్కకు జరిపి, నా కాగితం మీద రాసింది. బలం, నడక: వయసుకు తగినట్టు ఉన్నాయి. మరుపు: మళ్ళీ చూడాలి.

వయసుకు తగినట్టు! కాగితం మడిచి జేబులో పెట్టుకొని బయటపడ్డాను. కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికి వచ్చి అశోక్ చేతిలో పెట్టాను.

"నాయినా, నీకు డెబ్బై మూడా?"

"దాని కింది లైను చదువు."

చదివాడు. మళ్ళీ చదివాడు. తల ఊపాడు.

"సరే నాయినా. మాటంటే మాటే. బండి నీదే." వాకిలి వైపు చూశాడు. "బండి యాడ?"

ఇద్దరం చూశాం. బండి నిలిపే చోట ఆయిల్ మరక ఒక్కటే ఉంది.

మూడు కిలోమీటర్లు నడిచి వచ్చాను. ఒక్క చోట కూడా ఆగలేదు. ఒక్కసారి కూడా బండి గుర్తుకు రాలేదు.

అశోక్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. వాడు నన్ను చూసిన చూపుకు నాకు భయమేసింది. తాళంచెవి జేబులోంచి తీసి నేనే వాడి చేతిలో పెట్టాను.

తిమ్మక్క లోపలి నుంచి వచ్చి దాన్ని వాడి చేతిలోంచి తీసుకొంది.

"తోలేది మీ నాయినకు బాగా వస్తాది. యాడ నిలిపినామో చూసుకొనేది నాకు బాగా వస్తాది. ఇంక మీద ఇద్దరమూ పోతాము. ఆ బండి అమ్మేవాడు ముందు నన్ను అడగాల."

అశోక్ తాళంచెవి ఆమెనే అడిగి తీసుకొని, బండి తేవడానికి బస్సెక్కి పోయాడు.

సెప్టెంబరు 2, మంగళవారం. మొదటి రోజు!

5:00 లేచాను. 
5:15 నడక, అరగంట. 
6:00 కుర్చీ, పదిసార్లు. 
8:00 గుడ్డు ఒకటి. 
10:30 తిమ్మక్కను వెనక కూర్చోబెట్టుకొని హోసూరు మార్కెట్టు. బండి నిలిపాక, ఇప్పుడు కొత్త ఐదు మాటలు నేను చెప్తాను, రాసుకో అంది. నోటుబుక్కు సీటు మీద పెట్టి రాసుకొన్నాను: టెంకాయలు, ఎడమ పక్క, రేకుల షెడ్డు, నీలం గేటు, తిమ్మక్క.

ఐదోది ఏమిటికని అడిగాను.

"బండి దొరికినాక నన్ను ఈడనే మరిచిపోయి ఇంటికి పోతావు కదా" అంది.