పోయొస్తనన్న మరమనిషి

అవ్వా,

ఈరోజు తిరుమలగిరి బడిలో నా బిడ్డ చిన్ని తాను చేసిన మరమనిషిని నిలబెట్టింది. ఒళ్లంతా అట్టపెట్టెలు, కళ్లకు సైకిల్ లైట్లు. చూస్తే నువ్వు పడీపడీ నవ్వేదానివి.

మనిద్దరం టీవీలో మరమనిషి సినిమా చూసిన రోజు గుర్తుందా? అది అందరినీ కాపాడి, తన మీట తానే నొక్కుకుని ఆగిపోయింది. నేను ఏడుస్తుంటే నీకేమో కోపం. "గింత చేసి ఏం లాభం? పోయొస్తనని ఒక్క మాట అనకపాయె. గది మనిషెట్లయితది?" అన్నావు. మన ఇంట్లో ఆ మాట అనకుండా గడప దాటినవాళ్లను వెనక్కి పిలిచి మరీ అనిపించేదానివి కదా!

సాయంత్రం మీట నొక్కి ఆపబోతే, ఆ బొమ్మ చిన్ని గొంతుతోనే "పోయొస్త" అంది. వాళ్ల సార్ నవ్వి, "మరమనిషి యాడికి పోతదే?" అన్నాడు.

"యాడికి పోయినా గట్లనే అనాలె సార్. మా అమ్మకు వాళ్లవ్వ చెప్పింది."

చివరిసారి దవాఖానకు ఆటో ఎక్కినప్పుడు నువ్వూ అదే అన్నావు. "జల్దిరా అవ్వా" అన్నాను నేను.

ఈరోజు ఆ అట్టబొమ్మకు కూడా అదే జవాబు చెప్పాను.

నీ మనవరాలు