యువరాణిగారు బురదలో గెలిచారు

మలక్‌పేట, మంగళవారం.

సుందరక్కకి తమ్ముడు ఏలీయా వందనాలు. ఫోన్ చేస్తే నీ మాటకన్నా కుక్కర్ కూతే ఎక్కువ వినిపిస్తోంది. అందుకే ఈ కార్డు ముక్క.

నిన్నటి పందెంలో నేను చూసుకునే గుర్రం యువరాణి గెలిచింది! ఇదివరకు గెలిచిందని ఈసారి దాని జీనులో అన్నిటికన్నా ఎక్కువ సీసం బిళ్లలు బరువుకి పెట్టారు. పైగా వానపడి ట్రాకంతా మన ఊడుపుల చేను అయిపోయింది. పెద్ద అంగల గుర్రాలన్నీ జారిపోతుంటే, మనది పొట్టి అడుగులతో నిలదొక్కుకుని ముందుకొచ్చేసింది. నేను కంచె పట్టుకుని, "రండి యువరాణిగారండీ, వచ్చేశారండీ, ఇంకొక్క అడుగండీ!" అని అరిచాను. జనం గుర్రాన్ని వదిలేసి నన్ను చూసి ఒకటే నవ్వు.

గెలిచింది కదా, వచ్చే పందేనికి ఇంకా బరువు పెంచుతారట. బాగా పరిగెత్తేదాని మీదే బరువెయ్యడం ఇక్కడి రూలు. వినగానే నువ్వే గుర్తొచ్చావు.

కొబ్బరి దింపు అయ్యిందా? లేకపోతే ఆ పనీ, అమ్మ మందులూ ఇకమీదట మన చిన్న తమ్ముడు ఎలీషా చూస్తాడు. వాడితో మాట్లాడాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, వంట మానేసి పడుకో. ప్రభువు మిమ్మల్నందర్నీ చల్లగా చూడాలి.

గెలిచిన గుర్రానికైనా పందెం అవగానే జీను దించుతామక్కా.

ఏలీయా