పొట్టేలుకు కట్టిన గోనెపట్ట

కల్వకుర్తి తాలూకా, అమ్మగారింటి నుండి
ఫిబ్రవరి, 1966

మన ఐలేశం బాపుకు, భద్రమ్మ రాయునది.

నేనూ, మూడు నెలల చంటిదీ బాగున్నాం. మన గొర్రెల మంద కృష్ణానది ఒడ్డున దిగిందని తెలిసి, నందికొండలో రఘుపతి అన్న హోటలుకు ఈ ఉత్తరం వేస్తున్నాను. నీకు చదివి వినిపించేది ఆయనే. సిగ్గుగానే ఉంది. కాని నువ్వు ఎదురుగా ఉన్నప్పుడు నాకు నోరు రాలేదు.

నిన్న నర్సు అండాలమ్మ వచ్చింది. పిల్లను చూసి, నన్ను అడిగింది: "ముట్టు వచ్చిందా? పాలిస్తున్నవా?"

నేను నోరు తెరవకముందే అమ్మ అందుకుంది. "పాలు తాపినన్ని రోజులు కడుపు రాదు నర్సమ్మా!"

"నీ బిడ్డను అడుగుతున్న అవ్వా, నిన్ను గాదు," అని నవ్వి, "మళ్ల కాన్పు ఎప్పుడు కావాలె నీకు?" అంది.

ఆ మాట నన్నెవరూ ఎన్నడూ అడగలేదు. ఏడుపొచ్చింది.

అమ్మ మాటే నమ్మి, ఐలేశం పాలు తాగుతుండగానే మళ్లీ కడుపుతో అయ్యాను. పాలు ఎండిపోయాయి. వాడు అంబలి అరగక చిక్కిపోయాడు. రెండేళ్లు నిండుతున్నా గోడ పట్టుకునే నిలబడతాడు. మీ వాళ్లు దిష్టి అన్నారు. నువ్వు తాయెత్తు కట్టించావు. దిష్టి కాదని నాకు తెలుసు. లోపలే పెట్టుకున్నాను.

కల్వకుర్తి దవాఖానలో, కడుపు రాకుండా గర్భంలో లూప్ వేస్తారట. పిల్లలు కావాలనుకున్నప్పుడు తీసేస్తారట. శివరాత్రి దాటిన సోమవారం వెళ్తున్నాను. నువ్వు కోపగించినా వెళ్తాను. గొర్రెలు ఎండాకాలంలో ఈనకూడదని పొట్టేలు వాటితో కలవకుండా దాని కడుపు కింద గోనెపట్ట కడతావు కదా. వాటికిచ్చే గడువు నాకివ్వవా?

నీ భద్రమ్మ

నందికొండ

చెల్లె భద్రమ్మకు, రఘుపతి రాయునది.

ఉత్తరం వినగానే నీ పెనిమిటి బీరన్న "నా పరువు దీసింది" అని ఛాయ్ వదిలేసి లేచి వెళ్లిపోయాడు. పొద్దుగూకే వేళ తిరిగొచ్చి, "గా గోనెపట్ట ముచ్చట మళ్లొక్కసారి చదువు" అన్నాడు. ఇక అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"భద్రీ, ఎండల ఈనితే తల్లికి పాలుండయి, పిల్ల దక్కదు. గది నాకు ఎరుకే. మందల జూసిన, ఇంట్ల జూడలే. నువ్వేం ఫికర్ జెయ్యకు. మందను తమ్ముడు గుర్వయ్యకు అప్పజెప్పి, సోమవారం దవాఖాన కాడికొస్త. నువ్వు లోపటికి పో, పిల్లలిద్దర్ని నేనెత్తుకుంట. ఒక్కటే మాట. రఘుపతి చదువుతుంటే సిగ్గుతోని సచ్చిన. ఇగ ఇసుంటియి ఉత్తరంల రాయకు. పక్కన కూసోని చెప్పు. మంచిగ ఇంట."

కింది వేలిముద్ర బీరన్నది.

నీ అన్న, రఘుపతి